పిడికెడు ప్రాణం, చారెడు తిండి

గతవారం రాత్రి పదింటికి ఒక మిత్రుడు ఫోను చేశారు. వాళ్లింటికి కొత్తగా ఒక చివావా పిల్ల వచ్చిందట. రెండు రోజులుగా గిన్నె దగ్గరికి వెళ్లడం, వాసన చూడడం, మొహం తిప్పుకొని వచ్చేయడం. ఏదో రెండు మెతుకులు కతికినట్టు చేసి ఊరుకుంటోందట. "పెద్దవాళ్లందరిదీ ఒకటే మాటండీ. ఆకలి రుచెరుగదు కదా, ఒక రోజు పస్తు పెట్టండి, అదే దారికొస్తుంది అంటున్నారు. మీరూ ఇలాంటిదాన్ని పెంచారు కదా, ఏమంటారు?" అని అడిగారు. నేను జవాబు చెప్పకుండా ఆయన్నొక ఎదురు ప్రశ్న వేశాను. ఆ ప్రశ్న ఏమిటో, అది అడగడం నేను ఎంత ఖరీదు పెట్టి నేర్చుకున్నానో చెప్పడానికే ఈ టపా.

మూడేళ్ల క్రితం మా అమ్మాయి పదో పుట్టినరోజుకు ఇంటికొక టాయ్ పొమరేనియన్ పిల్లను తెచ్చాము. రెండు నెలలు నిండాయని అమ్మినవాడు ఒట్టు పెట్టినంత పని చేశాడు. ఇంటికి తెచ్చి, వంటింట్లో పిండి తూచుకొనే కాటా మీద కూర్చోబెడితే సరిగ్గా 640 గ్రాములు తూగింది. "ఇది కుక్కపిల్లట్రా, ఉన్ని బంతా?" అంది మా అమ్మ. అమ్మాయి దానికి బఠాణీ అని పేరు పెట్టింది. ఆ పూట ఇంట్లో అందరం పిల్లలమైపోయాము.

మర్నాటి నుంచి అసలు కథ మొదలైంది. బఠాణీ తినదు. పెరుగన్నం పెడితే నాలుక తగిలించి వదిలేసింది. పాలు తాగింది, గంటలో విరేచనం చేసుకుంది. ఉడికించిన గుడ్డు పెడితే పచ్చసొన వాసన చూసి తుమ్మింది. దుకాణంలో ఇచ్చిన గుళికల తిండిని ముక్కుతో నేలంతా దొర్లించి ఆడుకుంది. రాజుగారి విందులాగ గిన్నె మీద గిన్నె మారింది గాని, దాని పొట్టలోకి వెళ్లింది మాత్రం దాదాపు శూన్యం. రెండో రోజు రాత్రికి నాకు విసుగొచ్చింది. "మొండికేసింది. మా ఊళ్లో కుక్కల్ని ఎవరు బతిమాలి తినిపించారు? ఆకలైతే అదే తింటుంది" అని తీర్పు చెప్పి, గిన్నె తీసేసి, దీపమార్పి పడుకున్నాను. మా అమ్మ ఏదో అనబోయి ఊరుకుంది.

తెల్లవారుజామున నాలుగింటికి ఆవిడే నన్ను లేపింది. "ఒరే, ఇది తల నిలపడం లేదు, ఒకసారి చూడు." బఠాణీ గోనెపట్టా మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. పిలిస్తే కళ్లు తిప్పింది గాని చూపులో చూపు లేదు. చిగుళ్లు పాలిపోయాయి. చెవులు, పాదాలు చల్లబడ్డాయి. ఉండుండి కాళ్లు కొట్టుకుంటున్నాయి. రాత్రింబవళ్లు తెరిచి ఉండే ఒక పశువుల ఆసుపత్రికి ఫోను చేస్తే, అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరుగారు రెండే మాటలు అడిగారు: బరువెంత, చివరిసారి ఎప్పుడు తిన్నది. ఆ తరువాత, "ఇంట్లో తేనె గాని చిక్కటి పంచదార నీళ్లు గాని ఉంటే వేలితో చిగుళ్లకు రాయండి. నోట్లో పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెచ్చగా తువ్వాలులో చుట్టుకొని వెంటనే బయలుదేరండి" అన్నారు.

దారి పొడుగునా మా అమ్మ దాన్ని గుండెకు ఆనించుకొని, వేలితో తేనె రాస్తూనే ఉంది. ఆసుపత్రి చేరేసరికి బఠాణీ తల కొద్దిగా ఎత్తింది. అప్పటికి కూడా రక్తంలో చక్కెర 41 మిల్లీగ్రాములే. కుక్కలకు మామూలుగా అది 70 పైన ఉండాలి. 60 కంటే దిగితే ప్రమాదమే. సూది పట్టడానికి నరం దొరకడమే గగనమైన ఆ కాలికి గ్లూకోజు ఎక్కిస్తూ, డాక్టరుగారు దాని నోరు తెరిచి పళ్లు చూశారు. "రెండు నెలలా? నలభై రోజులు దాటి ఉండదండి" అన్నారు. నేను నా రాత్రి తీర్పు సంగతి చెప్పుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. "మొండితనం కాదండి. ఆకలి వెయ్యడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి" అన్నారు.

నా వాదమంతా ఆ మాటలోనే ఉంది. ఆకలి రుచెరుగదన్న సామెత మనుషులకు నిజం, ఊరి కుక్కలకు నిజం, ఎదిగిన పెంపుడు కుక్కలకూ చాలావరకు నిజం. అరచేతిలో పట్టే పసిపిల్లకు మాత్రం అది అబద్ధం, ప్రాణం తీసే అబద్ధం.

ఎందుకో కొంచెం వివరంగా చూద్దాము. పెద్ద కుక్క ఒక పూట తినకపోతే, కాలేయం తాను దాచుకున్న గ్లైకోజెన్‌ను కరిగించి రక్తంలోకి చక్కెర పంపుతుంది. అది చాలనప్పుడు కండరాలున్నాయి, కొవ్వుంది. వీధికుక్క రెండు రోజులు పస్తుండి కూడా మూడో రోజు సైకిళ్ల వెంట పరుగెత్తగలగడం ఈ నిల్వల చలవే. మూడు నెలలు నిండని టాయ్ జాతి పిల్లకు ఆ కాలేయమే చిన్నది. అందులోని నిల్వ కొన్ని గంటలకే సరి. కండ పట్టలేదు, కొవ్వు చేరలేదు. ఖర్చు మాత్రం జమీందారీ ఖర్చు. ఒంటితో పోల్చుకుంటే మెదడు పెద్దది, ఆ మెదడు బతికేది చక్కెర మీద. బరువుతో పోల్చుకుంటే చర్మపు వైశాల్యం ఎక్కువ గనుక ఒంట్లో వేడి ఎప్పుడూ బయటకు పోతూనే ఉంటుంది. దానికి తోడు తల్లిని విడిచిన దిగులు, కొత్త ఇల్లు, ప్రయాణపు బడలిక, కడుపులో పురుగులు. జమ తక్కువ, ఖర్చు ఎక్కువ అయిన ఇంట్లో ఏమవుతుందో అదే అవుతుంది. చక్కెర పడిపోగానే మెదడు మందగిస్తుంది. మందగించిన పిల్లకు తిండి మీద ధ్యాస ఉండదు. తినదు గనుక చక్కెర ఇంకా పడుతుంది. అంటే పస్తు పెట్టినకొద్దీ అది దారికి రాదు, దారి తప్పుతుంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాము. జంతువు బరువు సగమైతే దాని తిండి సగం కాదు. అంతకంటే ఎక్కువే కావాలి. 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త గుర్తించిన సూత్రమిది. పశువైద్యులు ఇప్పటికీ దానినే వాడుతున్నారు: బరువును కిలోల్లో తీసుకొని, దాని 0.75 ఘాతాన్ని 70తో గుణిస్తే, కదలకుండా పడుకున్న కుక్కకు రోజుకు కావలసిన కిలోకాలరీలు వస్తాయి. నాలుగు నెలల లోపు పిల్లకు దానికి మూడింతలు కావాలి. 640 గ్రాముల బఠాణీకి ఈ లెక్కన రోజుకు దాదాపు 150 కిలోకాలరీలు. 30 కిలోల లాబ్రడార్‌కు సుమారు 1430. పైకి చూస్తే లాబ్రడార్‌దే మహా భోజనం. కిలో బరువుకు లెక్కగడితే లాబ్రడార్‌కు 50 కూడా లేదు, బఠాణీకి 230 పైచిలుకు. అంటే దాదాపు అయిదింతలు.

మన కన్ను మనల్ని రెండు వైపులా మోసం చేసేది ఇక్కడే. కుక్కపిల్లల కోసం తయారుచేసే గుళికల తిండి నూరు గ్రాములకు సుమారు 375 కిలోకాలరీలు ఉంటుందనుకుంటే, ఆ 150కి రోజుకు 40 గ్రాములు చాలు. అయిదు పూటలకు పంచితే పూటకు 8 గ్రాములు, అంటే ఒక పెద్ద చెంచా మీద మరికొంచెం. మనమేమో గిన్నె నిండా పోసి, అది ఓ మూల నాలుగు గుళికలు తిని వెళ్లిపోతే "అయ్యో, ఏమీ తినలేదు" అని కంగారు పడతాము. నిజానికి అది తన పూట బత్తెంలో సగం తిని ఉండవచ్చు. మరోవైపు, పెరుగన్నం నాలుగు చెంచాలు తింటే "కడుపు నిండా తిన్నది" అని తృప్తి పడతాము. నూరు గ్రాముల పెరుగన్నంలో ఉండేది మహా అయితే ఓ 100 కిలోకాలరీలు. బఠాణీకి కావలసిన 150 దాని నుంచే రావాలంటే 150 గ్రాములు తినాలి. అది దాని ఒంటి బరువులో నాలుగో వంతుకు దగ్గర. అరవై కిలోల మనిషిని రోజూ పద్నాలుగు కిలోల అన్నం తినమన్నట్టు! పొట్ట నిండుతుంది, ఒళ్లు మాత్రం ఎండుతుంది. కొలవనిదే తిన్నదో లేదో తెలియదు అని నేను పదే పదే అనడానికి కారణమిదే.

ఈ మాట అంటే మా వైపు పెద్దవాళ్లు ఒప్పుకోరు. "మేము పామేరియన్‌ని పెంచలేదా? పెరుగన్నం తిని పధ్నాలుగేళ్లు బతకలేదా?" అంటారు. వాళ్ల అనుభవం అబద్ధం కాదు, వాళ్ల కుక్క వేరు. ఎనభై, తొంభై దశకాలలో మన ఇళ్లలో పామేరియన్ అనే పేరుతో తెల్లగా తిరిగినవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్ కుక్కలు. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్' సినిమాలో టఫీగా కనిపించింది ఆ జాతే. వాటిలో చిన్నరకం కూడా ఎదిగాక అయిదారు కిలోలు తూగేది, మన ఎండకూ మన తిండికీ తట్టుకొనేది. ఇప్పుడు దుకాణాలలో దొరికే టాయ్ పొమరేనియన్ ఎదిగినా మూడు కిలోలు దాటడం అరుదు. పేరొకటే గాని, ప్రాణం ఒకటి కాదు.

ఈ చిన్నతనం దానంతట అది కోరుకున్నదీ కాదు. పొమరేనియన్ పూర్వీకులు మంచు దేశాలలో బండ్లు లాగిన కుక్కల సంతతి. విక్టోరియా రాణి 1888లో ఫ్లారెన్సు నుంచి మార్కో అనే చిన్న పొమరేనియన్‌ను ఇంగ్లండుకు తెచ్చుకున్నాక, అక్కడి పెంపకందారులు చిన్నవాటికి చిన్నవాటిని జతచేసి మరింత చిన్నవి చేస్తూ పోయారు. ఒడిలో పట్టాలన్న మన ముచ్చట కోసం ఒక ప్రాణి తన నిల్వలన్నీ వదులుకుంది. ఆ వదులుకున్న నిల్వకు మారుగా మనం నిలబడాలి గదా? దాని కాలేయం చెయ్యలేని పని మన గడియారం చెయ్యాలి. ఇది దయ కాదు, బాకీ.

ఇంతవరకూ చదివి, "అయితే బతిమాలి బతిమాలి తినిపించమంటావా?" అని అడిగేవారుంటారు. ఆసుపత్రి నుంచి వచ్చాక మేము చేసింది సరిగ్గా అదే. అదీ తప్పేనని ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టింది.

బఠాణీ ఇంటికి తిరిగి వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో రాజ్యం మారింది. మా అమ్మ నేల మీద కూర్చొని, చందమామను చూపించడం ఒక్కటే తక్కువగా, గోరుముద్దలు పెట్టడం మొదలుపెట్టింది. గుళికలు వద్దంటే కోడిమాంసం, కోడిమాంసం వద్దంటే కార్జం, కార్జం వద్దంటే జున్నుముక్క. మా అమ్మాయి బడి నుంచి రాగానే ఒక మారీ బిస్కత్తు. నేను ఆఫీసు నుంచి రాగానే, పశ్చాత్తాపం కింద, ఇంకొకటి. ఒక్క మారీ బిస్కత్తులో సుమారు 25 కిలోకాలరీలుంటాయి, అంటే బఠాణీ రోజు తిండిలో ఆరో వంతు. రోజుకు 2000 తినే మనిషికి అది 300 పైచిలుకుతో సమానం. రెండు బిస్కత్తులు పెట్టాక రాత్రి గిన్నె ముందు అది మొహం తిప్పుకుంటే, "చూశారా, మళ్లీ తినడం లేదు" అని ఇంటిల్లిపాదీ దాని చుట్టూ మూగి దిగాలుగా చూసేవాళ్లము. దిష్టి కూడా తీశాము. వారం తిరిగేసరికి కాటా మీద పెరిగింది పదంటే పది గ్రాములు.

కుక్కపిల్ల తెలివైనది. తిననంటే అంతకంటే మెరుగైనది వస్తుందని ఒకటి రెండు సార్లు రుజువైతే, దానికి అంతకు మించిన చదువు అక్కరలేదు. గిన్నె దగ్గర నలుగురు చేరి ఊపిరి బిగబట్టి చూస్తుంటే అక్కడేదో అపాయముందనీ అనుకుంటుంది. పసిదాని అల్పాహారంలో సగం దాని శరీరధర్మం, మిగతా సగం మనం నేర్పిన విద్య. మొదటి సగానికి శిక్ష వెయ్యకూడదు, రెండో సగానికి బహుమతి ఇవ్వకూడదు. పస్తు పెట్టేవారు మొదటిది మరిచిపోతారు, బతిమాలేవారు రెండోది మరిచిపోతారు. నేను వారం వ్యవధిలో రెండూ మరిచిపోయిన ఘనుణ్ణి.

చివరకు డాక్టరుగారు ఒక పద్ధతి చెప్పారు. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, నిలకడ ఉంది. రోజుకు అయిదు పూటలు, గడియారం ప్రకారం. తెల్లవారగానే ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి, మధ్యలో మూడు. రాత్రి ఎడం ఆరు గంటలు దాటకుండా తొలి పదిహేను రోజులు నేను అలారం పెట్టుకొని లేచాను. ప్రతి పూటా తూచిన 8 గ్రాములు, గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, మెత్తగా మెదిపి. కుక్క రుచి కంటే ముందు వాసనతో తింటుంది. వెచ్చగా ఉంటే వాసన లేస్తుంది. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసింది నేరుగా పెట్టకూడదు. లోతు గిన్నె తీసేసి పళ్లెం పెట్టాము. స్టీలు గిన్నె అంచుకు మెడలోని గంట తగిలి ఠంగుమన్నప్పుడల్లా అది వెనక్కి గెంతుతోందని మా అమ్మాయి కనిపెట్టింది, గంట విప్పేశాము. పళ్లెం కింద గోనెపట్టా వేశాము, నున్నటి గచ్చు మీద దాని కాళ్లు జారకుండా.

పెట్టిన పదిహేను నిమిషాలకు తిన్నా తినకున్నా పళ్లెం తీసెయ్యాలి, మాట్లాడకూడదు, మరొకటి తెచ్చి పెట్టకూడదు. దానితో పాటే రెండో నియమం: వరుసగా రెండు పూటలు ముట్టకపోతే, లేదా మందకొడిగా కనిపిస్తే, క్రమశిక్షణను పక్కన పెట్టి తేనె వేలు ముందు, డాక్టరుకు ఫోను తరువాత. మొదటి నియమం పెంకితనానికి, రెండోది ప్రాణానికి. రెండూ కలిసి ఉంటేనే పద్ధతి. చిరుతిండి రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదన్నారు. తిండి రకం మార్చవలసి వస్తే ఒక్కసారిగా కాక, వారం రోజుల మీద పాతదాన్ని తగ్గిస్తూ కొత్తదాన్ని కలపాలన్నారు.

కోడిమాంసం, కార్జం తింటున్నాయి కదా, అవే పెడితే పోదా అని మా అమ్మ అడిగింది. ఎముక లేని మాంసంలో భాస్వరం ఎక్కువ, సున్నం బహు తక్కువ. దానితోనే పెరిగే పిల్ల, రక్తానికి కావలసిన సున్నాన్ని తన ఎముకల నుంచే తోడుకుంటుంది. కాళ్లు వంకర పోతాయి, చిన్న గెంతుకే విరుగుతాయి. పిల్లల కోసం సమతూకంగా చేసిన తిండిలో చిటికెడు మాంసం వాసన కోసం కలపవచ్చు, మాంసాన్నే తిండి చెయ్యకూడదు. గేదెపాలు ఎందుకు పడలేదంటే, పాలలోని చక్కెరను అరిగించుకొనే శక్తి తల్లిపాలు మానే వయసులో తగ్గిపోతుంది. ఇంత చిన్న ఒంటికి ఒక రోజు విరేచనాలు కూడా పెద్ద దెబ్బే. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసు అన్నం, పాయసంలోని కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్, చక్కెర లేని తీపి పదార్థాలలో వాడే జైలిటాల్ కుక్కలకు విషాలు. పది కిలోల కుక్కకు కడుపునొప్పితో పోయేది అరకిలో పిల్లకు ప్రాణాంతకం కావచ్చు.

అన్నిటికంటే ముఖ్యం కాటా. రోజూ ఒకే వేళకు, పొద్దున తిండికి ముందు తూచి, కాలెండరు మీద గ్రాములు వ్రాసేవాళ్లము. కొద్దికొద్దిగానైనా పెరుగుతుంటే అది మన కంటికి ఎంత తక్కువ తిన్నా సరిపడా తింటున్నట్టే. రెండు రోజులు పెరగకపోయినా, ఒక్క రోజు తగ్గినా డాక్టరుకు చూపించాలి. అది పెంకితనమో జబ్బో తేల్చవలసింది మనం కాదు. నులిపురుగులుండవచ్చు. పార్వో కూడా తిండి మానడంతోనే మొదలవుతుంది, వాంతులూ నెత్తురు విరేచనాలూ ఆ తరువాత వస్తాయి. కొన్ని టాయ్ జాతులలో పుట్టుకతోనే కాలేయపు రక్తనాళాలు దారి తప్పి ఉంటాయి. అంగిట్లో చీలిక ఉండవచ్చు. తినని ప్రతి పిల్లనూ "గారాబం ఎక్కువైంది" అని తీసిపారెయ్యడం, మాట రాని రోగిని అబద్ధాలకోరు అనడం లాంటిది.

ఇంక నాకు నిజంగా కోపమున్న చోటికి వస్తాను. బఠాణీ నలభై రోజులకే మా ఇంటికి రాకపోయి ఉంటే, ఆ తెల్లవారుజాము బహుశా వచ్చేదే కాదు. మన దేశంలో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం కింద 2017లో వచ్చిన కుక్కల పెంపక విక్రయ నియమాలు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని స్పష్టంగా చెబుతున్నాయి. ఆ ఎనిమిది వారాలు ఊరికే పెట్టినవి కావు. పిల్ల తల్లి దగ్గర, తోబుట్టువుల పోటీలో, గట్టి తిండి తినడం నేర్చుకొనే కాలమది. పక్కవాడు తినేస్తాడేమో అన్న భయాన్ని మించిన ఆకలిమందు లేదు. ఆ బడి పూర్తికాకుండానే పిల్లను లాక్కొస్తే, తినడం రాని పిల్ల తినడం లేదని మనం నింద వేస్తాము. తొందరగా అమ్మితే అమ్మేవాడికి మేత ఖర్చు కలిసివస్తుంది, పిల్ల ఇంకా చిన్నగా, ఇంకా ముద్దుగా కనిపిస్తుంది గనుక ధర కూడా ఎక్కువ పలుకుతుంది. టీకప్ అని కొత్త పేరు తగిలిస్తే మరీ ఎక్కువ. పెద్ద కెన్నెల్ క్లబ్బులేవీ అలాంటి జాతిని గుర్తించలేదు. అది జాతి కాదు, ధర.

అమ్మేవాణ్ణి అనడం తేలిక. కొన్నవాణ్ణి నేను. ఇంకా చిన్నది ఉందా అని అడిగింది కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనే. అడిగేవాళ్లుండబట్టే అమ్మేవాళ్లున్నారు. అందుకని టాయ్ పిల్లను తెచ్చుకోవాలనుకొనే మిత్రులకు నా మనవి. ఎనిమిది వారాలు కాదు, పన్నెండు వారాలు నిండినదాన్ని అడగండి. తల్లిని చూపించమనండి. మీ కళ్లెదుట అది ఒక పూట గట్టి తిండి తింటేనే తెచ్చుకోండి. ఏమి తింటోందో కనుక్కొని, ముందు వారం రోజులు అదే పెట్టండి. ఉదయం ఎనిమిదికి తాళం వేసి రాత్రి ఏడింటికి తీసే ఇల్లయితే, దయచేసి ఇంత పసిదాన్ని తేకండి. మా ఇంట్లో పగటి మూడు పూటలూ పెట్టింది మా అమ్మ. ఆవిడ లేకపోతే నా పద్ధతులన్నీ కాగితం మీదే ఉండేవి. అలాంటి ఇంటికి ఎదిగిన కుక్క నయం. వీధిలోంచి తెచ్చుకున్నదైతే మరీ నయం; దాని కాలేయం మీ గడియారం మీద ఆధారపడదు.

బఠాణీ ఇప్పుడు రెండు కిలోల మూడు వందల గ్రాములు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఒక్కోసారి పళ్లెం వంక చూడను కూడా చూడదు. ఇప్పుడు నేను కంగారు పడను. "ఆకలైతే అదే తింటుందిలే" అంటాను, మా అమ్మ నవ్వుతుంది. ఎదిగి, ఆరోగ్యంగా ఉండి, చలాకీగా తిరిగే కుక్క విషయంలో ఆ మాట ఇప్పుడు నిజమే. మూడేళ్ల క్రితం ఆ రాత్రి కూడా నేను అన్నది ఇదే మాట. మాట మారలేదు, బరువు మారింది.

అందుకే ఆ మిత్రుణ్ణి నేనడిగిన ప్రశ్న, "బరువెంతండీ?" అని. "తూచలేదండీ" అన్నారు. ఫోను పెట్టకుండానే తూచమన్నాను. కాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది. "580 గ్రాములు." వయసు? ఏడు వారాలని చెప్పి ఇచ్చారట. అయితే ఇంకా తక్కువే అయివుంటుందనుకున్నాను. పస్తు సంగతి మరిచిపొమ్మని, తేనె సీసా చేత పట్టుకొని అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లమన్నాను. ఈ వేళప్పుడా అన్నారు. ఈ వేళప్పుడేనన్నాను.

మర్నాడు ఉదయం ఆరున్నరకు ఆయన దగ్గర నుంచి చిన్న సందేశం వచ్చింది. చక్కెర బాగా తక్కువగా ఉందట, కడుపు నిండా నులిపురుగులేనట, రాత్రంతా అక్కడే ఉంచారట. చివరి వాక్యం మాత్రం మా అమ్మకు చదివి వినిపించాను: "ఇప్పుడే ఎనిమిది గ్రాములు తిన్నదండీ."